గురువుగారి గుండె – జాన్ హంటర్ జీవితం

ఈ సంవత్సరపు సంచికకు ఒక మహనీయుని జీవితం రాసిపెట్టమని విద్యార్థి సంఘం వారు అడిగారు. గాంధీగారి గురించో, రామన్‌గారి గురించో రాస్తానని వారు అనుకొని ఉంటారు. ఆ పని చేసేవారు చాలామంది ఉన్నారు గనుక నేను జాన్ హంటర్‌ను ఎంచుకున్నాను. వైద్య విద్యార్థులకు ఈయన తొడలోని ఒక సన్నని దారికి పేరుగా తెలుసు, దాన్ని హంటర్ కెనాల్ అంటారు. మా జంతుశాస్త్రం వాళ్లకు మ్యూజియం కట్టిన మనిషిగా తెలుసు. మిగతావారికి బొత్తిగా తెలియదు. మశూచికి టీకా కనిపెట్టిన ఎడ్వర్డ్ జెన్నర్ పేరు వినని వారుండరు. ఆ జెన్నర్‌కు గురువు ఈ హంటరే. గురువుగారి ఛాతీలో ఇరవై ఏళ్లు కాపురమున్న ఒక నొప్పి, దాన్ని కనిపెట్టి కూడా పైకి చెప్పలేకపోయిన శిష్యుడు – నాకు ఈ జీవితంలో ఎక్కువగా పట్టుకున్నది ఇదే.

హంటర్ 1728 ఫిబ్రవరిలో స్కాట్లండులో గ్లాస్గో దగ్గర లాంగ్ కాల్డర్‌వుడ్ అనే పల్లెలో పుట్టాడు. పదిమంది సంతానంలో ఆఖరివాడు. పదమూడేళ్లకే తండ్రి పోయాడు. బడి చదువు అబ్బలేదు. పొలాల వెంట తిరుగుతూ గడ్డి ఎందుకు రంగు మారుతుంది, చీమలు ఏం చేస్తున్నాయి అని కనబడ్డవారినల్లా అడిగే రకం. ఆ ప్రశ్నలకు జవాబులు చెప్పేవారు లేక విసుక్కునేవారట. ఇరవై ఏళ్లు వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ వీడు పనికివస్తాడన్న ఆశ లేదు. అన్న విలియం మాత్రం అప్పటికే లండనులో పేరుమోసిన వైద్యుడు, శరీరనిర్మాణ శాస్త్రం చెప్పే సొంత పాఠశాల పెట్టుకున్నవాడు. 1748లో తమ్ముడు గుర్రమెక్కి అక్కడికి చేరాడు. అన్న పరీక్ష కోసం ఒక శవం చెయ్యి ఇచ్చి కండరాలు విడదీయమన్నాడు. ఆ పని చూశాక మరొకటి ఇచ్చాడు, ఈసారి రక్తనాళాలతో సహా. అంతే, తమ్ముడి బతుకు తేలిపోయింది.

ఆ రోజుల్లో కోతకు శవాలు న్యాయంగా దొరికేవి కావు. రాత్రిపూట సమాధులు తవ్వి తెచ్చేవారితో బేరసారాలు సాగించాల్సిందే, ఆ బేరాలు చాలావరకు జాన్ చేతి మీదుగానే జరిగేవి. ఈ సంగతి దాచి ఆయన్ని దేవుణ్ణి చెయ్యడం నాకిష్టం లేదు. చెసెల్డెన్, పాట్ వంటి ఆనాటి పెద్ద శస్త్రవైద్యుల దగ్గర పని నేర్చుకున్నాడు. 1755లో ఆక్స్‌ఫర్డుకు పంపితే రెండు నెలల్లో తిరిగివచ్చేశాడు. గ్రీకు, లాటిన్ తన వల్ల కాదన్నాడు.

తర్వాత సైన్యంలో చేరి 1761లో ఫ్రాన్సు తీరంలోని బెల్ ఈల్ దీవి ముట్టడికి, ఆపైన పోర్చుగల్‌కు వెళ్లాడు. తుపాకి గుండు తగిలితే గాయాన్ని ఇంకా పెద్దది చేసి లోపల వెతకడం అప్పటి పద్ధతి. గాయపడిన కొందరు ఫ్రెంచి సైనికులు ఒక పొలంలోని ఇంట్లో దాక్కొని, ఏ వైద్యమూ లేకుండా నాలుగు రోజులున్నారు. వారి గాయాలు, వైద్యం చేయించుకున్న వారి గాయాల కంటే ఏమాత్రం అధ్వాన్నంగా లేవు. మరొకడైతే అదృష్టమనుకొని ఊరుకొనేవాడు. హంటర్ మాత్రం అనవసరంగా కత్తి పెట్టకూడదన్న పాఠం తీసుకున్నాడు. కత్తితో బతికేవాడికి ఈ పాఠం తలకెక్కడం మామూలు విషయం కాదు.

లండను తిరిగివచ్చాక దంతవైద్యుల వద్ద కూడా పనిచేసి 1771లో పళ్లమీద పుస్తకం ప్రచురించాడు. 1767లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1768లో సెయింట్ జార్జ్ ఆసుపత్రిలో శస్త్రవైద్యుడి పదవి, 1771లో ఆన్ హోమ్‌తో వివాహం, 1776లో రాజుగారి ప్రత్యేక శస్త్రవైద్యుడి హోదా వచ్చాయి. ఆన్ కవయిత్రి. సంగీతకర్త హైడన్ ఆమె పాటలకు స్వరాలు కట్టాడు. ముందు గదుల్లో ఆవిడ సాహిత్య గోష్ఠులు, వెనక గదుల్లో ఈయన శవాలూ జంతువులూనూ! రోజుకు నాలుగు గంటలే నిద్ర, మధ్యాహ్న భోజనమయ్యాక ఒక గంట కునుకు. కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది.

1770లో జెన్నర్ అనే ఇరవై ఒకటేళ్ల పల్లెటూరి కుర్రవాడు శిష్యుడుగా వచ్చి ఆయన ఇంట్లోనే రెండేళ్లున్నాడు. ఊరికే ఊహిస్తూ కూర్చోకు, చేసి చూడు అని హంటర్ అతనికి ఎన్నోమార్లు నూరిపోశాడు. వారిద్దరి స్నేహం జీవితాంతం ఉత్తరాల మీద సాగింది. ముళ్లపందులు పంపు, కోకిల గూళ్లు పంపు అని గురువుగారు అడగడం, శిష్యుడు పంపడం.

ఇప్పుడు నొప్పి దగ్గరకు వస్తాను. 1768 జులైలో విలియం హెబర్డెన్ అనే వైద్యుడు లండనులోని వైద్యుల కళాశాలలో ఒక చిన్న వ్యాసం చదివాడు, 1772లో అది అచ్చయింది. అప్పటికి ఇరవైమంది రోగులను చూసి రాసిన వ్యాసమది. నడుస్తుంటే, ముఖ్యంగా భోజనం చేసి ఎత్తు ఎక్కుతుంటే, రొమ్ములో ప్రాణం పోతున్నంత నొప్పి, బిగుతు. నిలబడిపోతే తగ్గిపోతుంది. ఎక్కువగా యాభై దాటిన మగవారిలో చూశానన్నాడు. యాంజైనా పెక్టోరిస్ అని పేరు పెట్టాడు. రెండు వందల యాభై ఏళ్లు గడిచినా ఇవాళ ఏ డాక్టరైనా ముందుగా అడిగేది ఆ ప్రశ్నలే. కారణం మాత్రం హెబర్డెన్‌కు తెలియదు. రాత్రిపూట నల్లమందు, కాస్త సారాయి తప్ప చెప్పడానికి పెద్దగా మందూ లేదు. ఒక రోగి మాత్రం రోజూ అరగంట రంపంతో కట్టెలు కోసి దాదాపు బాగుపడ్డాడని రాసి పెట్టాడు. వ్యాయామం వల్ల గుండె నొప్పి తగ్గుతుందన్న మాటకు ఇదే తొలి సాక్ష్యమేమో అనిపిస్తుంది నాకు.

ఆ వ్యాసం సంగతి పత్రికలో చదివి ఒక అజ్ఞాత వ్యక్తి హెబర్డెన్‌కు ఉత్తరం రాశాడు. తనకీ ఇదే జబ్బు ఉందనీ, అకస్మాత్తుగా పోతే తన శరీరాన్ని కోసి చూడమనీ కోరాడు. మూడు వారాలు తిరక్కముందే పోయాడు. కోయడానికి హెబర్డెన్ పిలిపించింది జాన్ హంటర్‌నే. పక్కన జెన్నర్ కూడా ఉన్నాడు. గుండె బాగానే ఉన్నట్టు కనిపించింది, కారణమేమీ దొరకలేదు. గుండెకే రక్తమిచ్చే ఆ రెండు సన్నని ధమనులను, అంటే కరోనరీలను, ఆ రోజు ఎవరూ చీల్చి చూడలేదు. అదే జబ్బు కొద్దికాలంలోనే కోసేవాడికీ రాబోతోంది!

1773 వసంతంలో ఒక ఉదయం హంటర్ గదిలో అటూ ఇటూ తిరుగుతుండగా పొట్ట పైభాగంలో భయంకరమైన నొప్పి మొదలైంది. నాడి చూసుకుంటే దొరకలేదు. అద్దంలో ముఖం చూసుకుంటే శవం ముఖం లాగుంది. ఊపిరి ఆగిపోతోందని అనిపించి, పట్టుబట్టి తానే గాలి పీల్చి వదులుతూ ముప్పావు గంటసేపు గడిపాడు. వైద్యులు వచ్చారు, మద్యం, అల్లం వగైరా ఇచ్చారు. ఇంత బాధలోనూ మనిషి తనని తాను ఒక ప్రయోగం లాగా గమనించుకుంటూనే ఉన్నాడు. ఈ వివరాలు మనకు దక్కింది అందువల్లే. ఆ నొప్పి పొట్టలో వచ్చిందన్న విషయం గమనించండి. గుండె నొప్పి ఎప్పుడూ ఎడమ రొమ్ములోనే వస్తుందని నమ్మేవాళ్లు మనలో ఇంకా చాలామంది ఉన్నారు.

1775లో మరో శవాన్ని హంటరే కోశాడు. అది ఫోదర్‌గిల్ అనే వైద్యుడు చూసిన యాంజైనా రోగిది. ఈసారి రెండు కరోనరీ ధమనులూ మొదలు నుంచి కొమ్మల దాకా ఎముకలాగా గట్టిపడి కనిపించాయి. ఫోదర్‌గిల్ మరుసటి ఏడు దాన్ని ప్రచురించాడు. అంటే ఆ జబ్బు ఆనవాళ్లను హంటర్ తన చేతులతోనే తాకాడన్నమాట. అది తన జబ్బేనని ఆయన మనసులో అనుకున్నాడా లేదా అన్నది ఎవరూ తేల్చలేని ప్రశ్న.

జెన్నర్‌కు విషయం వేరే దారిలో తెలిసింది. తన పల్లెలో ఒక యాంజైనా రోగి గుండెను అడ్డంగా కోస్తుండగా కత్తి ఏదో గట్టి గరుకు పదార్థానికి తగిలి నొక్కుపడింది. పాత ఇల్లు కదా, పైకప్పు సున్నం రాలి పడిందేమోనని తలెత్తి చూశాడట. తీరా చూస్తే ఎముక గొట్టాలుగా మారిన కరోనరీలు అవి. 1777లో హంటర్ ఒంట్లో బాగాలేక బాత్ అనే ఊరికి నీళ్ల వైద్యానికి వెళ్లాడు. శిష్యుడు పోయి చూశాడు. చూడగానే గుండె గుభేలుమంది. మరుసటి ఏడు హెబర్డెన్‌ను ఉద్దేశించి ఒక లేఖ రాస్తూ, ఈ జబ్బుకు మూలం కరోనరీలలో ఉందని నమ్ముతున్నాననీ, గురువుగారికి అదే వచ్చిందని భయపడుతున్నాననీ, మందు లేని జబ్బు గనుక ఆయనకు తెలిస్తే బెంగపెట్టుకుంటారనీ చెప్పుకున్నాడు. గురువుగారు బతికి ఉన్నంతకాలం తన సిద్ధాంతాన్ని అచ్చువేయలేదు. హంటర్ స్నేహితుడు క్లైన్‌కూ, బావమరిది ఎవరార్డ్ హోమ్‌కూ మాత్రం చెప్పి చూశాడు. వారు పెద్దగా పట్టించుకోలేదు.

జెన్నర్ చేసింది సరైన పనేనా? మా స్టాఫ్ రూములో ఈ ప్రశ్న వేస్తే రెండు జట్లు ఏర్పడతాయి. చెప్పినా చేసేదేమీ లేనప్పుడు చెప్పడమెందుకు అనేవారు ఒక జట్టు. మనిషికి తన ప్రాణం సంగతి తెలుసుకొనే హక్కు లేదా అనేవారు ఇంకొక జట్టు. నేను రెండో జట్టులోవాణ్ణి. పైగా అచ్చు వేయకపోవడం వల్ల నష్టపోయింది ఒక్క హంటరే కాదు, ఇరవై ఏళ్లపాటు ఇతర వైద్యులకు కూడా ఆ దారి కనబడలేదు. అయితే ముప్పై ఏళ్లు కూడా నిండని ఆ కుర్రవాడి స్థానంలో నిలబడి చూస్తే నా నోరు కూడా అంత సులువుగా పెగలదేమో.

1785 వచ్చేసరికి పోట్లు వరుసగా మొదలయ్యాయి. దవడలో, ఎడమ చేతిలో, రొమ్ములో నొప్పి. నాలుగడుగులు గట్టిగా వేస్తే వచ్చేది, మెట్లెక్కితే వచ్చేది. వింత ఏమిటంటే, మనసులో చిన్న కంగారు కలిగినా వచ్చేది. తేనెటీగలు తుట్టె వదిలి లేచిపోతాయేమోనన్న ఆదుర్దాతో ఒకసారి వచ్చింది. గోడ కింద కూర్చున్న పెద్ద పిల్లిని చూసి, తుపాకి తెచ్చేలోగా అది పోతుందేమోనన్న తొందరలో మరొకసారి వచ్చింది. అదే ఏడు డిసెంబరులో ఆయన తన జీవితంలోకెల్లా ప్రసిద్ధమైన శస్త్రచికిత్స చేశాడు. మోకాలి వెనక ధమని ఉబ్బిపోయిన ఒక బండివాడికి కాలు తీసెయ్యకుండా, తొడ మధ్యలో ధమనిని దారంతో బిగించాడు. పక్కనున్న చిన్న నాళాలు పెద్దవై కాలికి రక్తం అందిస్తాయని ఆయన నమ్మకం. ఆరు వారాల్లో ఆ మనిషి నడిచి ఇంటికి వెళ్లాడు. ఒక ధమని మూసుకుపోతే చుట్టూ దారులు ఏర్పడతాయన్న ఈ సత్యం గుండెకూ కొంతవరకు వర్తిస్తుంది. అన్ని పోట్లు తట్టుకొని ఆయన ఇరవై ఏళ్లు నెగ్గుకురావడంలో దానికీ భాగముండవచ్చు.

ఎందుకు వస్తుందీ నొప్పి? గుండె కండరానికి కావలసిన రక్తానికీ, అందే రక్తానికీ మధ్య లెక్క తప్పినప్పుడు వస్తుంది. కరోనరీల లోపలి గోడలో కొవ్వు, సున్నం పేరుకొని దారి ఇరుకవుతుంది. కూర్చున్నప్పుడు సరిపోయే రక్తం, నడిచినప్పుడు సరిపోదు. కోపం వచ్చినప్పుడు కాళ్లు కదలకపోయినా నాడి పరుగెడుతుంది, రక్తపు పోటు పెరుగుతుంది, గుండెకు పని మెట్లెక్కినట్టే. హంటర్ దీన్ని అనుభవంతో తెలుసుకున్నాడు. తనకు కోపం తెప్పించదలచిన ఏ పనికిమాలినవాడి చేతిలోనైనా తన ప్రాణం ఉందని స్నేహితులతో చెప్పుకునేవాడు.

ఇక్కడ కొంచెం నా సొంత గొడవ. రిటైరైన రెండో ఏట ఉదయం నడకలో వంతెన ఎక్కేచోట రొమ్ము మధ్య రాయి పెట్టినట్టయ్యేది. నిలబడితే రెండు మూడు నిమిషాల్లో పోయేది. ఇంట్లోవాళ్లు గ్యాస్ అన్నారు, వాము నమలమన్నారు. నా దగ్గర బి.ఎస్సీ. చదివి తర్వాత డాక్టరైన ఒక శిష్యుడు మూడే అడిగాడు. బిగుతుగా ఉంటుందా, శ్రమకో ఆవేశానికో వస్తుందా, ఆగితే కొద్ది నిమిషాల్లో పోతుందా అని. మూడింటికీ అవునంటే అసలైన యాంజైనా అనుకోవచ్చట. హెబర్డెన్ అడిగినవి కూడా ఇవే కదా! విశ్రాంతిలో తీసిన ఇ.సి.జి. మామూలుగానే ఉంది. అలా ఉన్నంతమాత్రాన జబ్బు లేదనడానికి వీల్లేదని అతనే చెప్పాడు. ట్రెడ్‌మిల్లు మీద నడిపించాక గీత కిందికి దిగింది. ఆపైన యాంజియోగ్రామ్ తీశారు.

నా శిష్యుడు సంగతి నా దగ్గర దాచలేదు, దాచవలసిన అవసరమూ అతనికి లేదు. జెన్నర్‌కు లేనివి అతనికి ఉన్నాయి. 1867లో ఎడింబరోలో లాడర్ బ్రంటన్ అనే యువ వైద్యుడు అమైల్ నైట్రైట్ వాసన చూపి ఈ నొప్పిని తగ్గించాడు. 1879లో విలియం మరెల్ నైట్రోగ్లిజరిన్ వాడాడు. డైనమైట్‌లో వాడే ఆ పదార్థాన్నే, దాన్ని కనిపెట్టిన ఆల్‌ఫ్రెడ్ నోబెల్‌కు ముసలితనంలో గుండె మందుగా రాసిచ్చారు. 1960లలో జేమ్స్ బ్లాక్ గుండె వేగాన్ని తగ్గించే ప్రోప్రనొలాల్ తెచ్చాడు. హంటర్‌కు కావలసిన మందు నిజానికి అదే, కోపంలో గుండెకు కళ్లెం వేసేది. 1967లో ఫవలోరో బైపాస్, 1977లో గ్రుంట్‌జిగ్ బెలూన్ వచ్చాయి. ఆ తర్వాత స్టెంట్లు.

అయితే ఇరుకు కనిపించగానే స్టెంట్ వేయించుకోవాలన్న మాట కూడా సరికాదు. 2020లో ప్రచురితమైన ఒక అంతర్జాతీయ అధ్యయనంలో, 5,179 మంది స్థిరమైన జబ్బు ఉన్నవారిలో, ముందుగానే స్టెంటు గాని బైపాసు గాని చేయడం వల్ల సుమారు మూడేళ్లలో చావులు, గుండెపోట్లు చెప్పుకోదగినంతగా తగ్గలేదు. నొప్పి తరచుగా ఉన్నవారికి మాత్రం ఆ నొప్పి బాగా తగ్గింది. ఎడమ ప్రధాన ధమనిలో పెద్ద అడ్డు ఉన్నవారిని, గుండె బాగా బలహీనపడినవారిని ఆ అధ్యయనంలో చేర్చుకోలేదు, వారి లెక్క వేరు. నాకు మాత్రలు, నడక, నాలుక కింద పెట్టుకొనే మాత్ర జేబులో – ఇంతే. విశ్రాంతిలో ఉన్నా నొప్పి వచ్చి, పావుగంట దాటినా పోకపోయినా, చెమటలు పట్టినా వాము డబ్బా వెతక్కుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. ఆడవారిలో, చక్కెర వ్యాధి ఉన్నవారిలో నొప్పికి బదులు ఆయాసమో నీరసమో మాత్రమే ఉండవచ్చు. హాస్టల్లో ఉండే పిల్లలు ఈ ముక్క ఇంట్లో అమ్మానాన్నలకు చెప్పండి.

1789 డిసెంబరులో హంటర్ ఒక స్నేహితుడి ఇంట్లో ఉండగా అరగంటసేపు జ్ఞాపకం పూర్తిగా పోయింది. తానెక్కడున్నాడో, ఏ వీధిలో ఉన్నాడో తెలియలేదు. తెలియడం లేదన్న సంగతి మాత్రం తెలుస్తూనే ఉంది. అయినా పని తగ్గించలేదు, కయ్యాలూ తగ్గించలేదు. సెయింట్ జార్జ్ ఆసుపత్రిలో తోటి శస్త్రవైద్యులతో విద్యార్థుల ఫీజుల మీద, పాఠాల మీద ఏళ్ల తరబడి పేచీ. అప్పటికే కొంత వైద్యం నేర్చినవారిని తప్ప కొత్త విద్యార్థులను చేర్చుకోకూడదని పాలకవర్గం నిబంధన పెట్టింది. అది తెలియక స్కాట్లండు నుంచి ఇద్దరు కుర్రవాళ్లు వచ్చి చేరారు. ఒకప్పుడు తానూ అలా గుర్రమెక్కి వచ్చినవాడే కదా, వారి తరఫున హంటర్ నిలబడ్డాడు.

1793 అక్టోబరు 16న బోర్డు సమావేశం. వాదన జరిగితే తన ప్రాణానికే ముప్పు రావచ్చని ఆ ఉదయమే ఒక మిత్రుడితో అన్నాడు. అయినా వెళ్లాడు. మాట్లాడుతుండగా సభ్యుడొకడు ఎదురు చెప్పాడు. హంటర్ మాట ఆపి, కోపాన్ని దిగమింగుకుంటూ పక్కగదిలోకి నడిచాడు. ఒక్కసారి మూలిగి, అక్కడున్న వైద్యుడి చేతుల్లో కుప్పకూలిపోయాడు. అరవై అయిదేళ్లు. శరీరాన్ని పల్లకీ లాంటి కుర్చీలో ఇంటికి చేర్చారు, వెనకాల ఆయన సొంత బండి ఖాళీగా నడిచింది.

ఆయన పోయేనాటికి ఇంట్లో మిగిలినవి అప్పులు, పదమూడు వేల పైచిలుకు నమూనాలున్న మ్యూజియం. 1792లో పనికి చేరిన విలియం క్లిఫ్ట్ అనే కుర్రవాడు ఏళ్ల తరబడి వాటిని ఒంటరిగా కాపాడాడు. 1799లో ప్రభుత్వం 15,000 పౌన్లకు కొని శస్త్రవైద్యుల సంఘానికి అప్పగించింది. అందులో ఒక అస్థిపంజరం ఉంది, చార్లెస్ బర్న్ అనే ఐర్లండు ఆజానుబాహుడిది. తన శరీరం వీరి చేతికి చిక్కకూడదని, సముద్రంలో పడవేయమని బర్న్ కోరుకుంటే, హంటర్ 1783లో డబ్బిచ్చి దాన్ని సంపాదించాడు. నేనెంత అభిమానించినా ఈ పనిని సమర్థించలేను. 2023లో మ్యూజియం తిరిగి తెరిచినప్పుడు ఆ అస్థిపంజరాన్ని ప్రదర్శన నుంచి తీసేశారు. 1859లో ఫ్రాంక్ బక్లండ్ అనే శస్త్రవైద్యుడు చర్చి నేలమాళిగలో వేలాది శవపేటికల మధ్య రోజుల తరబడి వెతికి హంటర్ పేటికను పట్టుకొంటే, దాన్ని వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలో మళ్లీ సమాధి చేశారు. ఆయన రాతప్రతులకు మాత్రం ఆ భాగ్యం లేదు. బావమరిది హోమ్ వాటిని వాడుకొని తన పేరుతో వ్యాసాలు రాసుకొని, 1823లో తగలబెట్టేశాడు. క్లిఫ్ట్ చాటుగా నకలు రాసిపెట్టుకున్న భాగమే ఇవాళ మనకు మిగిలింది.

అయితే ఆ హోమ్ చేసిన ఒక్క మంచిపని చెప్పకపోతే అన్యాయమవుతుంది. బావగారి శరీరాన్ని కోసి పరీక్షించినవాడు అతనే. గుండె చిన్నదైంది, కండరంలో తెల్లని మచ్చలున్నాయి, కరోనరీలు కత్తికి కష్టంగా తెగే ఎముక గొట్టాలుగా మారాయి. వెంటనే జెన్నర్‌కు ఉత్తరం రాసి, నువ్వు చెప్పిందే నిజమైందని ఒప్పుకున్నాడు. జెన్నర్ దాన్ని అప్పుడు కూడా సొంత పేరుతో ప్రకటించుకోలేదు. 1796లో ఒక పిల్లవాడికి ఆవు మశూచి టీకా వేసి, 1798లో దాని పుస్తకం తెచ్చి ఆ హడావిడిలో పడ్డాడు. యాంజైనా మీద పుస్తకం రాస్తున్న కేలబ్ పారీ అనే మిత్రుడికి పైకప్పు సున్నం కథ, గురువుగారి బాధ, ఇన్నేళ్లు తాను నోరు మూసుకొని ఉండడానికి కారణం, హోమ్ ఉత్తరం అన్నీ ఒక లేఖగా రాసి ఇచ్చాడు. 1799లో పారీ ఆ లేఖను తన పుస్తకంలో యథాతథంగా వేశాడు. అప్పటికి హంటర్ పోయి ఆరేళ్లయింది.